రెండే తీగలు... చెవే గురువు!

వీణకి ఏడు తీగలు, 24 మెట్లు. ఫిడేలుకి మెట్లు లేకపోయినా నాలుగు తీగల కింద వేలు ఆనించుకోవడానికి నల్లటి పలక ఉంటుంది. మెట్లూ లేక, పలకా లేక, రెండే రెండు తీగలతో మనిషి గొంతులా పలికే వాద్యం ఒకటుంది. వేలితో తీగని నొక్కితే కింద గాలి తప్ప మరేం తగలదు. సరైన చోట నొక్కామో లేదో చెప్పగలిగింది మన చెవి ఒక్కటే. చైనావాళ్ల ఎర్‌హు అది.

పేరు కొత్తగా ఉన్నా దీని నాదం మనలో చాలామంది విన్నదే. 2000లో వచ్చిన 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్' సినిమా గుర్తుందా? గాల్లో తేలుతూ కత్తియుద్ధాలు చేసే సినిమా. అందులో యో-యో మా వాయించిన చెల్లోకి తోడుగా, ఎవరో దూరంగా నిలబడి కూనిరాగం తీస్తున్నట్టు ఓ నాదం వినిపిస్తుంది. అది మా షియావ్‌హ్వే అనే మహిళ వాయించిన ఎర్‌హు.

'విని ఆనందించడం సరే, ఈ వయసులో మనం నేర్చుకోగలమా? అసలు ఆ వాద్యం మనకెక్కడ దొరుకుతుంది?' అంటారా? ఓపికుంటే నేర్చుకోవచ్చు. దొరక్కపోతే సాధనకి పనికొచ్చేంత వాద్యాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు కూడా. అదెలాగో చూసే ముందు దీని కథ కాస్త తెలుసుకుందాం. ఎందుకంటే ఈ వాద్యం కథంతా ఖరీదైన సామాను లేనివాళ్ల కథే.

ఒక తీగ తెగిపోతే..?

చైనా భాషలో 'ఎర్' అంటే రెండు. 'హు' అనేది ఉత్తర సరిహద్దుల అవతల ఉండే జాతుల్ని చైనావాళ్లు పిలిచిన పేరు. పరాయివాళ్ల నుంచి వచ్చిన రెండు తీగల వాద్యం అన్నమాట. దీని పూర్వరూపాన్ని 'షీచిన్' అనేవారు. సుమారు వెయ్యేళ్ల కిందట, సాంగ్ వంశపు రాజుల కాలంలో, దాని రెండు తీగల మధ్య వెదురు బద్దని ఆడిస్తూ వాయించేవారు. గుర్రపు తోక వెంట్రుకల కమాను తర్వాత స్థిరపడింది. బద్ద పోయి కమాను వచ్చినా, అది తీగల మధ్యనే ఉండిపోయింది. ఇప్పటికీ ఎర్‌హు కమాను ఫిడేలు కమానులా విడిగా రాదు. దాని వెంట్రుకలు రెండు తీగల మధ్యలోంచి వెళ్తాయి కాబట్టి వాద్యం ఎక్కడుంటే కమానూ అక్కడే.

ఆ కాలపు పండితుడు షెన్ క్వో ఓ ముచ్చట రాసిపెట్టాడు. రాజుగారి విందులో షు యెన్ అనే కళాకారుడు వాయిస్తుండగా పుటుక్కున ఒక తీగ తెగింది. అతను వాద్యం మార్చుకోలేదు. మిగిలిన ఒక్క తీగ మీదే పాటంతా పూర్తిచేశాడు. ఆ తర్వాత ఒంటితీగ మీద వాయించడం అనేదే ఒక పద్ధతిగా నిలిచిందట! తీగ తెగిందని కచేరీ ఆపేసి ఉంటే వెయ్యేళ్ల తర్వాత మనం అతని పేరు చెప్పుకునేవాళ్లమా?

వీధి అరుగు నుంచి విశ్వవిద్యాలయానికి

చాలాకాలం ఎర్‌హుకి పెద్దమనుషుల ఇళ్లలో చోటు లేదు. నాటకాల్లో పాటకి పక్కవాద్యంగా, పెళ్లిళ్లలో, చావుల్లో మేళంతోపాటు వాయించేవారు. వీధుల్లో బిచ్చమెత్తుకునేవాళ్ల చేతుల్లోనూ కనిపించేది. 'అదీ ఓ సంగీతమేనా?' అనేవారు చదువుకున్నవాళ్లు.

ఆ మాట మార్చినవాడు లియు తియెన్‌హ్వా (1895-1932). 1922 నుంచి పెకింగ్ విశ్వవిద్యాలయంలో సంగీతం నేర్పిన ఈయన, వీధివాద్యాన్ని తరగతి గదిలోకి తెచ్చాడు. ఫిడేలు కూడా నేర్చుకుని, అందులోని మెలకువల్ని ఎర్‌హుకి అమర్చాడు. ఒంటరిగా వాయించడానికి 10 రచనలు, సాధన కోసం 47 పాఠాలు రాశాడు. పాత పద్ధతుల్ని వదల్లేదు కూడా. పెకింగ్‌లో జనసామాన్యం వాయించే డప్పుల బాణీలు సేకరించడానికి వెళ్లి, విషజ్వరం తగిలి 37 ఏళ్లకే పోయాడు. ఈనాటికీ ఎర్‌హు నేర్చుకునేవాళ్లు ఆయన రచనల్ని దాటకుండా ముందుకు వెళ్లలేరు.

అరువు వాద్యం మీద అమరమైన పాట

ఇక ఆబింగ్ కథ. అసలు పేరు హ్వా యెన్‌జున్. 1893లో వూషీ పట్టణంలో పుట్టాడు. తండ్రి తావో మతపు పూజారి. గుడి మేళంలోనే సంగీతం నేర్చుకున్నాడు. నడివయసు రాకముందే రెండు కళ్లూ పోయాయి. వీధుల వెంట వాయించుకుంటూ, ఆనాటి సంగతుల మీద పాటలు కట్టి పాడుకుంటూ బతికాడు.

1950లో ఇద్దరు సంగీత పరిశోధకులు రికార్డింగు యంత్రంతో వూషీ వచ్చారు. ఒకరు యాంగ్ యిన్‌లియు. రెండోవారు త్సావ్ ఆన్‌హ. ఈవిడ పిపా వాద్యకారిణి, ఆ ఊరి ఆడపడుచే. అప్పటికి ఆబింగ్ వాయించడం మానేసి చాలా రోజులైంది. అతని దగ్గర పనికొచ్చే వాద్యమే లేదు. ఎర్‌హు అరువు తెచ్చారు. పిపా అయితే త్సావ్ ఆన్‌హ తనదే ఇచ్చింది. ఉక్కు తీగ మీద శబ్దాన్ని పట్టే ఆనాటి యంత్రంలో ఆరంటే ఆరు పాటలు రికార్డయ్యాయి. ఎర్‌హు మీద మూడు, పిపా మీద మూడు. ఆ డిసెంబరులో ఆబింగ్ చనిపోయాడు.

ఆ ఆరింటిలో ఒకటి 'ఎర్‌చ్వాన్ యింగ్‌యువే'. ఊటబావిలో చంద్రుడి నీడ అని అర్థం. చైనా సంగీతంలో ఇంతకంటే పేరున్న ఎర్‌హు రచన లేదనే చెప్పాలి. దేశమంతటికీ తెలిసిన ఆ పాటని కళ్లు లేని మనిషి, తనది కాని వాద్యం మీద, సాధన తప్పిపోయిన చేతులతో వాయించాడు. ఆ నాలుగు నెలలు ఆలస్యమై ఉంటే అది అతనితోపాటే మట్టిలో కలిసిపోయేది. త్సావ్ ఆన్‌హలాంటివాళ్ల శ్రమకి చప్పట్లు వినపడవు. పాట వినపడుతుంది, అంతే.

ఆడవాళ్ల చేతికి వచ్చాక

ఎర్‌హు ఇవాళ చైనాలో ఆడవాళ్ల చేతుల్లో వెలుగుతోందంటే అతిశయోక్తి కాదు. మిన్ హ్వేఫెన్ 1963లో షాంఘైలో జరిగిన మొదటి జాతీయ ఎర్‌హు పోటీలో ప్రథమ బహుమతి గెలిచేనాటికి ఇంకా ఇరవై నిండలేదు. 1982లో 'మహా కుడ్యం' మీద లియు వెన్‌జిన్ రాసిన పెద్ద రచనని మొదటిసారి వేదికమీద వినిపించిందీ ఆవిడే. ఆ రోజుల్లోనే క్యాన్సర్ బయటపడింది. పలుమార్లు ఆపరేషన్లు. కొన్నేళ్లపాటు ఆసుపత్రే ఇల్లు. మళ్లీ వాయించగలదని ఎవరూ అనుకోలేదు. ఆవిడ మళ్లీ వేదిక ఎక్కింది. 2014లో కన్నుమూసే వరకు పేరుప్రతిష్ఠలు తగ్గలేదు.

1978లో జపాన్‌కి చెందిన ప్రసిద్ధ సంగీత దర్శకుడు సేజీ ఒజావా బీజింగ్ సంగీత కళాశాలకి వచ్చినప్పుడు జియాంగ్ జియెన్‌హ్వా అనే పదిహేడేళ్ల విద్యార్థిని ఆబింగ్ పాట వాయించింది. వింటూ ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఇలాంటి సంగీతాన్ని మోకాళ్ల మీద కూర్చుని వినాలి అన్నాడట. 2001లో బీజింగ్‌లో పుట్టిన 'పన్నెండుమంది అమ్మాయిల బృందం' ఎర్‌హు, పిపాలతో ఆధునిక బాణీలు వాయించి, కొద్దికాలంలోనే జపాన్‌ని ఊపేసింది.

కొండచిలువ చర్మం, మన ఎర్రచందనం

ఇప్పుడు అసలు వాద్యం దగ్గరికి వద్దాం. కింద ఆరు పలకలదో, ఎనిమిది పలకలదో చిన్న చెక్క డబ్బా. ముందువైపు చర్మం మూత, వెనకవైపు జాలీ. డబ్బాలోంచి పైకి దాదాపు 80 సెంటీమీటర్ల కర్ర. కర్ర పైన రెండు బిరడాలు. ఒకప్పుడు పట్టుదారపు తీగలు వాడేవారు. 1950ల తర్వాత ఉక్కు తీగలు వచ్చాయి.

ఆ చర్మం కొండచిలువది. పొలుసులు పెద్దవిగా, సమంగా ఉన్న చర్మమైతే నాదం బాగుంటుందని అంటారు. కొండచిలువల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం ఉంది. పెంపకంలో పెరిగినవాటి చర్మమే వాడినట్టు ఎర్‌హుకి ధ్రువపత్రం ఉండాలని చైనా 2005 నుంచి నిబంధన పెట్టింది. మనదేశంలో కొండచిలువ వన్యప్రాణి చట్టం కింద గట్టి రక్షణ ఉన్న జీవి. అందుకని చైనా వెళ్లొచ్చే చుట్టాల చేత సరదాగా ఒకటి తెప్పించుకుందామనుకుంటే, పత్రాలు లేకపోతే చిక్కే!

చెక్క సంగతి మరీ ఆశ్చర్యం. మేలురకం ఎర్‌హుకి చైనావాళ్లు కోరుకునే చెక్కల్లో 'జితాన్' ఒకటి. ఆ పేరుతో వాళ్లు అన్నిటికన్నా విలువైనదిగా ఎంచే రకం మరేదో కాదు, మన ఎర్రచందనం! ఇది సహజంగా పెరిగేది ఎక్కువగా శేషాచలం కొండల్లో, కడప, చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల అడవుల్లోనే. 1995 నుంచి దీని వ్యాపారం మీదా అంతర్జాతీయ ఆంక్షలున్నాయి. అయినా అడవుల్లో గొడ్డళ్ల చప్పుడు ఆగలేదని పేపర్లలో చూస్తూనే ఉన్నాం. ఎక్కడో షాంఘైలో వేదిక మీద మోగే పాటకీ, మన కొండల్లో ఓ చెట్టు మొదలుకీ ఇలా ముడిపడింది.

మరి మంచి నాదానికి పామూ, చెట్టూ పోవలసిందేనా? హాంకాంగ్ చైనీస్ ఆర్కెస్ట్రా పాము చర్మం బదులు ప్లాస్టిక్ జాతి పొరతో చేసిన వాద్యాల్ని తయారుచేయించి, కచేరీల్లో వాటినే వాయిస్తోంది. నేర్చుకునేవాళ్లకి మామూలు చెక్క, కృత్రిమ పొర ఉన్న ఎర్‌హులూ ఉన్నాయి. మేలురకం చెక్కకీ, చర్మానికీ నాదంలో తేడా ఉంటుంది, కాదనలేం. ఆ తేడా పట్టుకునేపాటి చెవి, చెయ్యి రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. అంతవరకు మనకి కొబ్బరి చిప్ప చాలు!

కొబ్బరి చిప్పా?! అని నవ్వకండి. దక్షిణ చైనాలో, తైవాన్‌లో కొబ్బరి చిప్పకి పల్చటి చెక్క మూత బిగించి చేసే 'యెహు' అనే వాద్యం తరతరాలుగా ఉంది. పేరులోని 'యె' అంటే కొబ్బరే. ఎర్‌హుకి అది వరసకి చెల్లెలు. కొబ్బరికాయలకి మనకేం కొదవ?

మనింట్లోనే చేసుకుందాం

కావలసినవి: బాగా ముదిరిన పెద్ద కొబ్బరికాయ ఒకటి. 2 మిల్లీమీటర్ల మందం ప్లైవుడ్ ముక్క. 80 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. మందం ఉన్న గట్టి గుండ్రటి కర్ర (వడ్రంగి దగ్గర టేకు ముక్క దొరికితే మంచిది). గిటారు బిరడాలు రెండు. గిటారు ఒకటో నంబరు, రెండో నంబరు ఉక్కు తీగలు. 80 సెం.మీ. వెదురు బద్ద. గాలానికి కట్టే సన్నటి నైలాన్ దారం. నూలుదారం, ఫెవికాల్, గరుకు కాగితం. ఫిడేలువాళ్లు కమానుకి రాసే రోజిన్ బిళ్ల. ఇవన్నీ సంగీత వాద్యాల కొట్లో, హార్డ్‌వేర్ కొట్లో దొరికేవే.

మొదట చిప్ప. పీచు పూర్తిగా గీకేసి, కాయలో మూడోవంతు పోయేలా రంపపు బ్లేడుతో నిదానంగా కొయ్యాలి. కత్తితో కొడితే అంచు వంకర పోతుంది. కొబ్బరి తీసేశాక రెండురోజులు నీడలో ఆరనివ్వండి. బల్లమీద గరుకు కాగితం పరిచి, చిప్పని బోర్లించి గుండ్రంగా రుద్దితే అంచు సమంగా వస్తుంది. వెనకవైపు రూపాయి బిళ్లంత రంధ్రం చెయ్యాలి. నాదం బయటికి వచ్చే దారి అదే.

రెండోది కర్ర. అంచు నుంచి 3 సెం.మీ. వెనగ్గా, చిప్పకి పైనా కిందా ఎదురెదురుగా రెండు రంధ్రాలు. కర్ర వాటిలోంచి బిగుతుగా దూరి, కింద రెండు సెంటీమీటర్లు బయటికి రావాలి. రంధ్రాలు ముందు చిన్నవిగా చేసి, ఆకురాయితో కొద్దికొద్దిగా పెద్దవి చేసుకుంటే చిప్ప పగలదు. డ్రిల్లు అలవాటు లేకపోతే ఈ ఒక్క పనీ వడ్రంగి చేత చేయించుకోవడం మేలు.

మూడోది మూత. ప్లైవుడ్‌ని అంచుకి సరిపడా గుండ్రంగా కోసి, ఫెవికాల్ రాసి అతికించి, పైన పొత్రం బరువు పెట్టి ఒకరోజు వదిలెయ్యండి. తొందరపడి కదిపితే అతుకు వదులై, వాయించేటప్పుడు గరగరమంటుంది.

తర్వాత తీగలు. కర్ర పైకొసకి దగ్గర్లో, ఒకదాని కింద ఒకటి బిరడాలు బిగించండి. కింద బయటికొచ్చిన కొసకి ఒక స్క్రూ. గిటారు తీగ చివర ఉండే ఉంగరం ఆ స్క్రూకి తగిలించి, మూత మీదుగా పైకి తెచ్చి బిరడాకి చుట్టాలి. లావు తీగ కర్ర వైపు, అంటే లోపల. సన్నటిది బయట. మూత మధ్యలో, తీగల కింద, ఒక సెంటీమీటరు ఎత్తు వెదురు ముక్క నిలబెట్టండి. ఇదే బ్రిడ్జి. తీగలు కదలకుండా దానిమీద 4 మి.మీ. దూరంలో రెండు గాట్లు పెట్టాలి. బ్రిడ్జికి కాస్త కిందుగా తీగలకీ మూతకీ మధ్య చిన్న ఉన్నిగుడ్డ ముక్క దూరిస్తే కీచుమనే చప్పుడు తగ్గుతుంది.

ఇప్పుడు బ్రిడ్జికి 40 సెం.మీ. పైన, రెండు తీగల్నీ కలిపి నూలుదారంతో కర్ర వైపు లాగి కట్టాలి. తీగలకీ కర్రకీ మధ్య 2 సెం.మీ. ఎడం ఉండాలి. ఈ కట్టుకి చైనా భాషలో 'చియెన్‌జిన్' అని పేరు. ఇదే ఉచ్చారణతో 'వెయ్యి బంగారాలు' అనే మాట కూడా ఉంది. ఎదుటివాళ్ల ఇంటి ఆడపిల్లని గౌరవంగా చెప్పడానికి అక్కడ ఆ మాటే వాడతారు. చూడటానికి నాలుగు చుట్ల దారం. అది లేకపోతే మాత్రం వాద్యం శ్రుతిలో నిలవదు!

చివరగా కమాను. సుమారు వంద పోగుల నైలాన్ దారం కట్టగా తీసుకుని, ఒక కొస వెదురు బద్దకి కట్టి, కట్టని *రెండు తీగల మధ్యలోంచి* పోనిచ్చి, బద్దని కాస్త వంచి రెండో కొస కట్టాలి. ముందే కమాను కట్టేసుకుంటే మళ్లీ విప్పుకోవలసిందే. కొత్త దారం నున్నగా జారిపోతుంది. రోజిన్ బిళ్ల చాలాసేపు రుద్దితేనే తీగని పట్టి పలికిస్తుంది.

శ్రుతి చేసేటప్పుడు బిరడాని కొంచెం కొంచెంగానే తిప్పండి. ఉక్కు తీగ తెగితే ముఖానికి కొట్టవచ్చు. మొహం దూరంగా పెట్టుకోవడం మరచిపోవద్దు. పిల్లలు దగ్గర ఉంటే వాళ్లనీ దూరంగా ఉంచండి.

మొదటి నెల... పిల్లి కూత!

అసలు ఎర్‌హు రెండు తీగలూ ఫిడేలు మధ్య తీగలు రెండింటికీ పాశ్చాత్యులు పెట్టుకునే శ్రుతే. మన లెక్కలో లోపలి తీగ 'స' అనుకుంటే బయటి తీగ 'ప'. చిన్నప్పుడు నాలుగు నెలలు సంగీతం నేర్చుకుని మానేసినవాళ్లకైనా స-ప తెలిసే ఉంటుంది కదా! ఇంట్లో చేసుకున్న వాద్యం అంత పైశ్రుతికి లాగక్కర్లేదు. మీ గొంతుకి అనువైన 'స' పెట్టుకుని, దానికి సరిగ్గా 'ప' కలిస్తే చాలు.

వీపు నిటారుగా కుర్చీలో కూర్చోవాలి. చిప్పని ఎడమ తొడమీద, పొట్టకి దగ్గరగా ఆనించి, కర్రని నిలువుగా పట్టుకోవాలి. కమానుని కుడిచేత్తో కింద నుంచి, అరచెయ్యి పైకి ఉండేలా పట్టుకుంటారు. వెంట్రుకల్ని మన వైపుకి లాగితే లోపలి తీగ పలుకుతుంది. అవతలికి నెడితే బయటి తీగ పలుకుతుంది. కమాను మాత్రం ఎప్పుడూ నేలకి సమాంతరంగానే కదలాలి.

మొదటి రెండు వారాలు ఎడమచేతికి పనిలేదు. ఒక్కో తీగ మీద కమానుని ఈ కొస నుంచి ఆ కొస దాకా నిదానంగా లాగడమే. మనసులో ఎనిమిది లెక్కపెట్టేంత సేపు ఒక్క లాగు. రోజుకి ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చుంటే భుజం పట్టేస్తుంది తప్ప ఉపయోగం లేదు.

పిల్లి కూస్తున్నట్టు చప్పుడు వస్తుంది. 'ఏంటమ్మా అది?' అని పిల్లలు చెవులు మూసుకుంటారు. పక్కింటి పిన్నిగారు తొంగిచూస్తారు. ఇది మీ ఒక్కరికే కాదు, చైనాలో పిల్లలకీ ఇదే మొదలు. చెయ్యి బిగబట్టకుండా వదులుగా ఉంచితే, ఏదో ఒకరోజు ఉన్నట్టుండి తీగ కూయడం మానేసి పాడుతుంది. ఒక్క క్షణమే. ఆ ఒక్క క్షణం చాలు, రేపు మళ్లీ కూర్చోవడానికి!

సరిగమలు ఎక్కడున్నాయి?

మూడోవారం నుంచి వేళ్లు. చూపుడువేలు ఒకటి, మధ్యవేలు రెండు, ఉంగరపువేలు మూడు, చిటికెనవేలు నాలుగు అనుకోండి. తీగ పొడవు 40 సెం.మీ. అయితే, దారపు కట్టు నుంచి కిందికి కొలిస్తే 4.4 సెం.మీ. దగ్గర 'రి', 8 దగ్గర 'గ', 10 దగ్గర 'మ', 13.3 దగ్గర 'ప' ఉంటాయి. ఇది శంకరాభరణం వరస. తీగ పొడవులో తొమ్మిదోవంతు, అయిదోవంతు, నాలుగోవంతు, మూడోవంతు అన్నమాట. మీ వాద్యం కొలత వేరైనా ఈ వంతులు మారవు. గ-మ మధ్య రెండే సెంటీమీటర్లు గనుక రెండో, మూడో వేళ్లు దాదాపు ఆనుకుని ఉంటాయి.

లోపలి తీగ మీద వేలు పెట్టకుండా స, తర్వాత రి గ మ. బయటి తీగ మీద వేలు పెట్టకుండా ప, అవే వేళ్లు అవే చోట్ల పెడితే ద ని స. ఒకే చేతి అమరికతో సప్తకం మొత్తం వచ్చేసింది! చైనా పుస్తకాల్లో స్వరాల్ని 1 నుంచి 7 దాకా అంకెల్లో రాస్తారు. 1 అంటే స. కాబట్టి భాష రాకపోయినా పాఠం చదువుకోవచ్చు.

కర్రమీద పెన్సిలుతో గుర్తులు పెట్టుకోండి. వాటిని పూర్తిగా నమ్మొద్దు. తీగ కింద పలక లేదు గనుక గట్టిగా నొక్కితే స్వరం పైకి పోతుంది, మెత్తగా నొక్కితే కిందికి జారుతుంది. తీగ కర్రకి తగలనే కూడదు. ముందు గొంతుతో 'రి' పాడండి. తర్వాత వాయించండి. రెండూ కలిశాయా? లేదంటే వేలుని వెంట్రుకవాసి జరపండి. సరిచూసుకోవడానికి ఒక సులువు ఉంది. లోపలి తీగ మీద చిటికెనవేలుతో పలికే 'ప', బయటి తీగ వట్టిగా పలికే 'ప' ఒకటే కావాలి. రోజూ మొదట ఈ పరీక్ష చేసుకుంటే చెవి దారిలో పడుతుంది. దగ్గర్లో ఫిడేలు మాస్టారో, పాట నేర్పే టీచరుగారో ఉంటే నెలకోసారి వినిపించండి. వాళ్లకి ఎర్‌హు తెలియనక్కర్లేదు, శ్రుతి తెలిస్తే చాలు. నెలన్నర తర్వాత పెన్సిలు గుర్తులు చెరిపెయ్యండి.

ఇక్కడే మన చెవులకి ఓ లాభం ఉంది. ఎర్‌హు అందమంతా స్వరం నుంచి స్వరానికి జారడంలో, వేలిని సన్నగా ఊపడంలో ఉంటుంది. గమకాలు వింటూ పెరిగిన మనకి ఆ జారుడు కొత్త కాదు. బాణీ వేరు, రుచి వేరు, ఆ తడి మాత్రం తెలిసినదే.

కొనాలనుకుంటే...

ఆరునెలల తర్వాత కూడా రోజూ కమాను పట్టుకోబుద్ధవుతుంటే అప్పుడు అసలు ఎర్‌హు గురించి ఆలోచించండి. కృత్రిమ పొర ఉన్నది అడగండి. పాము చర్మమే అయితే ధ్రువపత్రం, అనుమతులు చూడనిదే డబ్బు కట్టొద్దు. 'ఎర్రచందనం చెక్క, చవగ్గా ఇస్తాం' అనే మాట వింటే మన కొండలు ఒక్కసారి గుర్తుతెచ్చుకోండి. వాయించడం అయ్యాక బ్రిడ్జికి పైన, డబ్బా అంచు దగ్గర తీగల కింద చిన్న పెన్సిలు ముక్క దూర్చి ఉంచితే మూత మీద బరువు తగ్గుతుంది. ఎండలోనూ, తడిగోడ పక్కనా పెట్టకండి.

కొబ్బరి చిప్పతో చేసినది మేలురకం ఎర్‌హులా పలకదు. గొంతు సన్నగా, కాస్త ముక్కుతో పాడినట్టు ఉంటుంది. చేసుకున్నవాళ్లకి మాత్రం కొన్నవాళ్లకి తెలియనివి కొన్ని తెలుస్తాయి. దారపు కట్టు ఒక పిసరు జరిగితే శ్రుతి ఏమవుతుందో, మూత మందమైతే నాదం ఎందుకు మూగబోతుందో, ఉన్నిగుడ్డ తీసేస్తే కీచు ఎక్కడి నుంచి వస్తుందో అన్నీ వేళ్లకే తెలిసిపోతాయి. తీగ తెగితే ఎవరికోసమూ ఎదురుచూడక్కర్లేదు.

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక దొరికే ఆ ఇరవై నిమిషాలూ ఎలాగూ టీవీ ముందు కరిగిపోయేవే. ఈ ఆదివారం పచ్చడికి కొబ్బరికాయ కొట్టేటప్పుడు కత్తి పక్కనపెట్టి రంపపు బ్లేడు అందుకోండి. కొబ్బరి పచ్చడికి, చిప్ప పాటకి!